పెట్ట గుడ్డు మానేసిందా? మందు కొనేముందు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి



వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "తమ్ముడూ, కోళ్లు గుడ్లు ఆపేశాయి. ఏం మందు వెయ్యమంటావు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "అక్కా, కోడిని చేత్తో పట్టుకుని చూశావా?" చాలామంది చూడరు. మేత వేసేటప్పుడు దూరం నుంచి చూస్తారు, గంపలో గుడ్డు లేకపోతే షాపుకెళ్లి టానిక్ సీసా తెస్తారు. వారం రోజులు నీళ్లలో కలుపుతారు. గుడ్డు రాదు. తర్వాత ఆ పెట్ట ఆదివారం కూరైపోతుంది, లేదంటే సంతకు పోతుంది.

ఇందులో రెండు రకాల నష్టం ఉంది. పొదుగుకొచ్చిన పెట్టనో, ఈకలు మారుస్తున్న పెట్టనో కోసేస్తే, కొన్ని వారాలు ఆగితే మళ్లీ గుడ్డుకొచ్చే మంచి కోడిని పోగొట్టుకున్నట్టే. అదే జబ్బుపడ్డ కోడిని సంతకు తీసుకెళితే ఆ జబ్బు ఇంకో పది ఇళ్లకు చేరుతుంది. ఏది ఏ రకమో తెలియాలంటే కోడిని పట్టుకుని ఐదు నిమిషాలు చూడాలి. దానికి చదువు అక్కర్లేదు, ఖర్చు లేదు.

మాది ఖమ్మం జిల్లా. వ్యవసాయ డిప్లొమా చదివాక మామిడి తోటలో నాటుకోళ్లు పెంచుతూ గుడ్లు, పిల్లలు అమ్ముకుంటున్నాను. ఇప్పుడు 140 దాకా పెట్టలున్నాయి. పైన వీడియోలో ఒక పెట్టను పట్టుకుని తల నుంచి కాళ్ల దాకా ఎలా చూడాలో చూపించాను. ఎందుకలా చూడాలి, చూశాక ఏం చెయ్యాలి అనేది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన పెట్ట లెక్క తెలియాలి

అసలు నాటు పెట్ట ఏడాదికి 50 నుంచి 60 గుడ్లు పెడుతుంది. విడతకు 10 నుంచి 15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదుగుతుంది, పిల్లల్ని కొన్ని వారాలు వెంట తిప్పుకుంటుంది, ఆ తర్వాతే మళ్లీ గుడ్డు. ఏడాదికి మూడు నాలుగు విడతలు. అంటే 365 రోజుల్లో దాదాపు 300 రోజులు అది గుడ్డు పెట్టని రోజులే. "మా కోడి పెట్టట్లేదు" అనే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి.

మన ఆంధ్ర నేల సొంత జాతి అసీల్ ఇంకా తక్కువ పెడుతుంది. దాన్ని తరతరాలుగా ఎంచింది ఒంటి బలం కోసం, పందెం కోసం. దాని దగ్గర గుడ్ల లెక్క చూడకూడదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి కోళ్ల కోసం తయారుచేసిన వనరాజా ఏడాదికి వందకు పైన, గ్రామప్రియ నూటయాభైకి పైన పెడతాయి. అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం ఇచ్చిన రాజశ్రీ కూడా ఆ కోవదే. వీటికి పొదుగు గుణం బాగా తక్కువ. అందుకని నాటు పెట్ట నెల రోజులు ఆగితే మామూలు సంగతి, గ్రామప్రియ నెల రోజులు ఆగితే ఏదో ఉందని అర్థం.

వయసు కూడా చూడాలి. నాటు పెట్ట ఆరేడు నెలలకు గుడ్డుకొస్తుంది. మొదటి ఏడాది పెట్టినన్ని గుడ్లు తర్వాత పెట్టదు, ఏటా కొంత తగ్గుతూ పోతుంది. నాలుగేళ్ల పెట్ట నుంచి ఏడాది పెట్ట గుడ్లు ఆశించకూడదు. కాకపోతే నాలుగేళ్ల పెట్ట పొదుగుకు, పిల్లల్ని సాకడానికి బంగారం లాంటిది. నేను అలాంటివాటిని అమ్మను.

ఆపేసిందా, ఎక్కడైనా దాస్తోందా?

బయట తిరిగే కోడికి గూటి కంటే గడ్డివాము మీద నమ్మకం ఎక్కువ. మా ఊళ్లో ఒక అక్క పన్నెండు కోళ్లూ ఒకేసారి మానేశాయని బాధపడింది. పత్తి కట్టె తీస్తుంటే దాని కింద 38 గుడ్లు బయటపడ్డాయి. సగం మురిగిపోయాయి.

ఇది తేల్చడం సులువు. కోళ్లు ఎక్కువగా పొద్దున పూటే గుడ్డు పెడతాయి. మూడు రోజుల పాటు పొద్దున పదకొండు గంటల దాకా వాటిని గూట్లోనే ఉంచండి. లోపల మేత, నీళ్లు, గడ్డి పరిచిన గంప పెట్టండి. ఆ మూడు రోజుల్లో గుడ్డు కనిపిస్తే మీ కోళ్లకు ఏ రోగమూ లేదు, గూడే నచ్చలేదు. గంప కాస్త చీకటి మూలలో ఉండాలి, నాలుగైదు పెట్టలకు ఒకటి ఉండాలి, గడ్డి పొడిగా ఉండాలి. అందులో ఒక పాత గుడ్డో, గుడ్డు ఆకారం రాయో ఉంచితే అక్కడికి అలవాటు పడతాయి.

గుడ్డు పెట్టినట్టు అరుస్తుంది, వెళ్లి చూస్తే గంప ఖాళీ. అప్పుడు దొంగ వేరే ఉన్నాడు. గంపలో తడి, పెంకు ముక్కలు, కోడి ముక్కుకు సొన అంటి ఉంటే కోడే తింటోంది. ఆనవాలే లేకుండా మాయమైతే పామో, ముంగిసో, పందికొక్కో, కాకో అయ్యుంటుంది. రోజుకు రెండుసార్లు గుడ్లు తీయడం ఈ రెండిటికీ మంచి మందు.

ఐదు నిమిషాల పరీక్ష

పగలు కోడి వెంట పరిగెత్తకండి. చీకటి పడ్డాక గూట్లో కూర్చున్నప్పుడు మెల్లగా రెండు రెక్కలూ కలిపి పట్టుకోండి. రొమ్ము మీ అరచేతి మీద, కాళ్లు మీ వేళ్ల మధ్య ఉండాలి. ఇంకొకరు టార్చిలైటు పట్టుకుంటే చాలు. తల దగ్గర మొదలుపెట్టి కిందికి రండి.

తురాయి: మన దగ్గర జుట్టు అని కూడా అంటాం. గుడ్లు పెట్టే పెట్టకు అది ఎర్రగా, నిండుగా, ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఆపేసిన పెట్టకు చిన్నగా ముడుచుకుని, పొడిబారి ఉంటుంది. తెల్లగా పాలిపోతే రక్తం తగ్గింది, పేలో పురుగులో తాగుతున్నాయి. నీలంగా, ముదురు ఊదాగా మారితే అది తీవ్రమైన జబ్బు గుర్తు, ఆలస్యం చేయొద్దు.

కళ్లు, ముక్కు: కళ్లు తేటగా, పూర్తిగా తెరిచి ఉండాలి. నురగ, వాపు, ముక్కు కారడం ఉంటే ఊపిరి జబ్బు. చెవి దగ్గర పెట్టుకుని వినండి. గురక, ఈల లాంటి శబ్దం రాకూడదు.

మేత సంచి: మెడ కింద, రొమ్ము పైన కుడివైపు ఉంటుంది. సాయంత్రం నిండుగా, పొద్దున మేత వేయకముందు ఖాళీగా ఉండాలి. సాయంత్రం ఖాళీగా ఉందంటే కోడికి మేత చాలడం లేదు, లేదా తినడం లేదు. పొద్దున కూడా గట్టిగా ముద్దలా ఉంటే గడ్డి, పీచు, ప్లాస్టిక్ లాంటిది లోపల అడ్డుపడింది.

రొమ్ము ఎముక: దాని మీద వేలు పెట్టి రాయండి. కత్తి అంచులా పదునుగా తగిలి, రెండు పక్కలా గుంటగా ఉంటే కోడి చిక్కిపోయింది. ఎముక తగులుతూ రెండు పక్కలా కండ నిండుగా ఉంటే సరిగ్గా ఉంది. ఎముకే దొరక్కపోతే కొవ్వు పట్టింది. నూకలు, మొక్కజొన్న మాత్రమే తిని తిరగని కోళ్లకు ఇలా అవుతుంది. కొవ్వు పట్టిన పెట్ట కూడా గుడ్డు తగ్గిస్తుంది.

వెనక ఎముకలు: అన్నిటికంటే ముఖ్యం ఇదే. రెట్ట వేసే ద్వారానికి రెండు పక్కలా సన్నటి ఎముకల కొనలు తగులుతాయి. గుడ్లు పెట్టే పెట్టకు వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడతాయి, కొనలు కాస్త వంగుతాయి. మానేసిన పెట్టకు ఒక్క వేలు కూడా కష్టంగా పడుతుంది, ఎముకలు బిగుసుకుని ఉంటాయి. ఆ ఎముకలకూ రొమ్ము ఎముక కొనకూ మధ్య పొట్ట భాగం కూడా చూడండి. పెట్టేదానికి మూడు నాలుగు వేళ్ల వెడల్పుతో మెత్తగా ఉంటుంది.

ద్వారం: పెట్టేదానికి వెడల్పుగా, తడిగా, మెత్తగా ఉంటుంది. మానేసినదానికి చిన్నగా, గుండ్రంగా, పొడిగా ముడుచుకుని ఉంటుంది. చుట్టూ ఈకలకు రెట్ట అంటుకుని ఉంటే పారుడు ఉన్నట్టు.

ఈకలు, చర్మం: రెక్క కింద, ద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూడండి. లేత పసుపు రంగు పేలు గబగబా పరిగెడతాయి. ఈక మొదట్లో తెల్లటి గుడ్ల గుత్తులు అంటుకుని ఉంటాయి.

కాళ్లు: పొలుసులు పైకి లేచి సున్నం పూసినట్టు ఉంటే దాని కింద పురుగు ఉంది. అరికాలిలో నల్లటి చెక్కుతో వాపు ఉంటే పుండు.

చివరగా రెట్ట. పొద్దున గూటి కింద చూస్తే ఎక్కువ భాగం గోధుమ రంగులో, పైన తెల్లటి టోపీతో ఉండాలి. మధ్యమధ్యలో ముదురు రంగు జిగట రెట్ట ఒకటి కనిపిస్తుంది, అది మామూలే. ఆకుపచ్చ నీళ్లలా ఉన్నా, నెత్తురు కనిపించినా జాగ్రత్తపడాలి.

ఈ పరీక్షతో కోళ్లు మూడు గుంపులుగా విడిపోతాయి. ఎముకలు వెడల్పు, తురాయి ఎరుపు, గుడ్డు మాత్రం లేదు: దాస్తోంది. ఎముకలు బిగుసుకున్నాయి, కానీ కళ్లు తేట, ఒంట్లో కండ ఉంది, మేత తింటోంది: విశ్రాంతిలో ఉంది. ఎముకలు బిగుసుకుని రొమ్ము పదునుగా, తురాయి పాలిపోయి ఉంటే: ఆకలో, పురుగో, జబ్బో.

విశ్రాంతిలో ఉన్న పెట్టను తొందర పెట్టొద్దు

పొదుగుకొచ్చిన పెట్టను గుర్తుపట్టడం మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. గంప వదలదు, చెయ్యి పెడితే ఒళ్లు ఉబ్బించి పొడుస్తుంది, రొమ్ము కింద ఈకలు ఊడిపోయి వేడిగా ఉంటుంది. పిల్లలు కావాలంటే గుడ్లు పెట్టి కూర్చోబెట్టండి. వద్దంటే కింద గాలి ఆడే తడికెల గూట్లోనో, వైరు జాలీ బోనులోనో మూడు నాలుగు రోజులు ఉంచండి. గడ్డి వేయొద్దు, మేత నీళ్లు మాత్రం నిండుగా ఇవ్వండి. రొమ్ముకు చల్లగాలి తగిలితే పొదుగు దిగిపోతుంది. ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం లాంటివి కొన్ని ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. కోడికి బాధ తప్ప ఏమీ ఒరగదు, పుండు పడితే అదొక రోగం.

ఈకలు మార్చడం ఏడాదికోసారి జరుగుతుంది, రెండు మూడు నెలలు పడుతుంది. తల, మెడ దగ్గర మొదలై రొమ్ము, ఒళ్లు, రెక్కలు, చివరికి తోక. గూడంతా ఈకలే ఉంటాయి, కోడి పీక్కుపోయినట్టు కనిపిస్తుంది. చాలామంది దీన్ని జబ్బనుకుంటారు. చర్మం మీద కొత్త ఈకల మొలకలు ముళ్లలా తగిలితే భయం లేదు. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే, కాబట్టి ఈ రోజుల్లో చెక్క, పురుగులు, చేప పొట్టు లాంటి బలమైన మేత కాస్త ఎక్కువ వేయాలి. ఎంత బాగా మేపితే అంత త్వరగా గుడ్డుకొస్తుంది.

పొద్దు సంగతి. గుడ్డు నిండుగా పెట్టాలంటే కోడికి రోజుకు 14 గంటలకు పైగా వెలుతురు కావాలి. ఫారాల్లో 16 గంటలు లైట్లు వేసేది అందుకే. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలుంటే డిసెంబరులో 11 గంటలే. చలిదేశాల్లోలా పూర్తిగా ఆగదు గానీ తగ్గుతుంది. కార్తీకంలో తినేవాళ్లూ తక్కువే కాబట్టి నేను నాటు పెట్టలకు లైటు పెట్టను, ఆ విశ్రాంతి వాటికి వదిలేస్తాను. గ్రామప్రియ లాంటివి పెంచుతూ గుడ్ల వ్యాపారం చేసేవాళ్లు పెట్టాలనుకుంటే తెల్లవారుజామున పెట్టండి. రాత్రి టక్కున ఆపితే కోళ్లు కర్ర ఎక్కకుండానే చీకట్లో ఉండిపోతాయి.

ఎండాకాలం ఇంకో కారణం. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే ముఖ్యమైన దారి. ఎండలు ముదిరితే మేత తగ్గిస్తుంది, పెంకు పల్చబడుతుంది. మే నెలలో మేత తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయండి. నీళ్లు నీడలో మట్టి పాత్రల్లో ఉంచి మధ్యాహ్నం మార్చండి. గుడ్డులో నాలుగింట మూడు వంతులు నీళ్లే. ఒక్క రోజు నీళ్లు అందకపోయినా కొన్ని రోజుల గుడ్లు పోతాయి.

చిక్కిన కోడికి టానిక్ కాదు, మేత కావాలి

పెరటి కోడి తనే వెతుక్కుని తింటుంది, నిజమే. కానీ వెతికితే దొరకాలి కదా. కోతలప్పుడు రాలిన గింజ ఉంటుంది, తొలకరిలో పురుగులుంటాయి. మిగతా రోజుల్లో, అందులోనూ పది కోళ్లు తిరిగే చోట ముప్పై తిరుగుతుంటే, ఏం దొరుకుతుంది? చుట్టూ ఇళ్లు పెరిగిన ఊళ్లలో మరీ తక్కువ. పెద్ద కోడికి రోజుకు 100 గ్రాముల పైచిలుకు మేత కావాలి. అందులో 40, 50 గ్రాములు మనం సాయంత్రం వేస్తే గుడ్డు నిలబడుతుంది.

నూకలు ఒక్కటే వేస్తే చాలదు. ఒక్క గుడ్డులో ఐదారు గ్రాముల మాంసకృత్తులుంటాయి. నూకల్లో ఉండేది నూటికి ఎనిమిది గ్రాములే, అందులో సగానికి పైగా కోడి ఒంటికే పోతుంది. నేను పది కిలోలకు ఇలా కలుపుతాను: మొక్కజొన్న నూక 5 కిలోలు, తవుడు రెండున్నర కిలోలు, వేరుశనగ చెక్క లేదా సోయా చెక్క 2 కిలోలు, నీడలో ఎండబెట్టిన మునగాకు అరకిలో, 30 గ్రాముల ఉప్పు. ఇందులో మాంసకృత్తులు 16, 17 శాతం దాకా వస్తాయి. వేరుశనగ చెక్కకు బూజు వాసన వస్తే కోళ్లకు పెట్టకండి, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. పత్తి చెక్క కూడా వద్దు, సొన రంగు పాడవుతుంది.

అజొల్లా గురించి ఒక మాట. మంచిదే, మా దగ్గరా రెండు తొట్లున్నాయి. అయితే పచ్చి అజొల్లాలో తొంభై శాతానికి పైగా నీళ్లే. వంద గ్రాములు వేస్తే అందేది ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తే. అది కూర పక్కన ఆకుకూర లాంటిది, అన్నం కాదు. చెదలు, ఈగ పురుగులు దానికంటే బలం. పాత కుండలో తడి గడ్డి, పేడ కూరి చెదలున్న చోట రాత్రి బోర్లిస్తే తెల్లారేసరికి కోళ్లకు విందు రెడీ.

సున్నం వేరే చెప్పాలి. ఒక్క గుడ్డు పెంకుకు గ్రామున్నర నుంచి రెండు గ్రాముల కాల్షియం కావాలి. మేతలో లేకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెడుతుంది. కొన్నాళ్లు తోలు గుడ్లు వస్తాయి, తర్వాత గుడ్డే ఆగుతుంది, కాళ్లు బలహీనపడతాయి. నత్తగుల్లలు, ఆల్చిప్పలు దంచి ఒక మూకుడులో విడిగా పెట్టండి. మేతలో కలపొద్దు, పిల్లలకూ పుంజులకూ అంత సున్నం మంచిది కాదు. పెట్ట తనకు కావాల్సినంత తనే ఏరుకుంటుంది. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూట, కాబట్టి సాయంత్రం ఆ మూకుడు నిండుగా ఉండేలా చూసుకోండి. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కూడా పనికొస్తాయి, వేయించి పొడి చేసి వేస్తే కోడికి గుడ్డు తినే అలవాటు రాదు.

పేలు, పురుగులు

కోడి ఒంటి మీద ఏమీ కనిపించకపోయినా తురాయి పాలిపోతోందంటే రాత్రి గూటికి వెళ్లండి. పగలంతా కర్ర సందుల్లో, వెదురు చీలికల్లో దాక్కుని రాత్రి వచ్చి నెత్తురు తాగే ఎర్ర పురుగులుంటాయి. కోళ్లు కూర్చునే కర్ర కింది వైపు తెల్ల గుడ్డతో తుడవండి. ఎర్రటి మరకలు అంటుకుంటే అవే. కోడికి మందు పూయడం వల్ల లాభం లేదు, గూడు బాగుచేయాలి. సందుల్లో మరిగే నీళ్లు పోసి, ఎండబెట్టి, సున్నం పూయండి. వారానికోసారి మూడు నాలుగు విడతలు చేస్తేనే పోతాయి.

ఒంటి మీది పేలకు బూడిద, ఇసుక, ఎండిన వేపాకు పొడి కలిపి నీడలో ఒక గుంటలో పోయండి. కోళ్లే పొర్లుతాయి. మరీ ఎక్కువుంటే చేత్తో ఈకల మధ్య రుద్ది, పది రోజులకు మళ్లీ రుద్దండి. మొదటిసారి చావని గుడ్లలోంచి కొత్త పేలు వస్తాయి.

కడుపులో పురుగుల విషయంలో ఊహతో పోవద్దు. పొద్దున వేసిన రెట్ట చిన్న డబ్బాలో పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళితే సూక్ష్మదర్శినిలో చూసి చెబుతారు. వెల్లుల్లి, వేపాకు వేసేవాళ్లు వేయండి, కానీ పురుగులు పోయాయో లేదో ఆ పరీక్షే చెప్పాలి. మందు వాడితే ఎన్ని రోజులు గుడ్లు అమ్మకూడదో, తినకూడదో డాక్టరు గారిని అడిగి రాసుకోండి. మన గుడ్డు కొనేవాళ్లు మనల్ని నమ్మి కొంటున్నారు.

టీకా వేస్తే సహజం కాకుండా పోదు

ఇప్పుడు మనలో కొంతమందికి నచ్చని మాట చెప్పాలి. "మేం ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం, టీకాలు వేయం" అని గర్వంగా చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. రసాయన ఎరువు మానడం వేరు, టీకా మానడం వేరు. మన దేశ సేంద్రియ ప్రమాణాలు కూడా ఆ ప్రాంతంలో ఉన్న జబ్బుకు టీకా వేయడాన్ని ఒప్పుకుంటాయి.

కొక్కెర తెగులు, అదే రాణీఖేత్, వచ్చాక దానికి మందు లేదు. నిన్నటిదాకా పెట్టిన పెట్టలన్నీ రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా ఆపుతాయి, పెట్టినా తోలు గుడ్లు, ఆకారం లేని గుడ్లు. ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, రెక్క వాల్చడం, మెడ మెలితిరగడం. టీకా లేని గుంపు అయితే వారంలో గూడు ఖాళీ. పక్క మండలంలో ఒక రైతు సంతలో రెండు పెట్టలు కొని ఆ సాయంత్రమే మందలో వదిలాడు. పది రోజులు తిరిగేసరికి ముప్పై రెండు కోళ్లలో నాలుగు మిగిలాయి. ఆయన ఇంటి ఖర్చులు గుడ్ల డబ్బులతో నడుస్తున్న రోజులవి.

పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా లేదా ఎఫ్-1 చుక్క, మూడు నాలుగు వారాలకు మళ్లీ లసోటా, ఎనిమిది వారాలు దాటాక ఆర్-2బి సూది. మశూచి టీకా కూడా ఆ మధ్యలోనే వేయించాలి. గుడ్లు పెడుతున్న పెట్టకు ఆర్-2బి వేయకూడదు, గుడ్డు పడిపోతుంది. దానికి లసోటానే. తేదీలు మీ పశువైద్యుడితో ఖాయం చేసుకోండి. జబ్బుగా ఉన్న కోడికి టీకా వేయొద్దు.

చాలామంది వేయించకపోవడానికి అసలు కారణం మొండితనం కాదు, సీసా సైజు. ఒక సీసాలో వంద డోసులుంటాయి, ఇంట్లో కోళ్లు పది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసులో ఉండాలి. అందుకే మా వీధిలో పద్నాలుగు ఇళ్లు కలిసి ఒకే రోజు వేయించుకుంటాం. తెల్లవారకముందే, కోళ్లు గూట్లోంచి రాకముందే గంట గంటన్నరలో పనైపోతుంది. ఇంటికి అయ్యే ఖర్చు ఒక గుడ్డు ధర కూడా ఉండదు.

సంత నుంచి, చుట్టాలింటి నుంచి ఏ కోడి వచ్చినా 21 రోజులు విడిగా ఉంచండి. పొదుగు రోజుల లెక్కే, మర్చిపోరు. దాని మేత పాత్ర వేరు, నీళ్ల పాత్ర వేరు. రోజూ ముందు మీ పాత కోళ్ల పని చూసుకుని చివర్లో దాని దగ్గరకు వెళ్లండి.

వెంటనే డాక్టరుకు చెప్పాల్సినవి

ఒకే రోజు రెండు మూడు కోళ్లు చనిపోయినా, తురాయి నీలంగా మారినా, మెడ తిరిగినా, రెట్టలో నెత్తురు కనిపించినా ఇంట్లో ప్రయోగాలు మానేసి పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయండి. పెంగ్విన్‌లా నిలువుగా నిలబడి, తోక కిందికి వంచి ముక్కుతూ ఉంటే గుడ్డు అడ్డం పడింది. గోరువెచ్చని నీళ్లలో వెనక భాగం పావుగంట ఉంచి, చీకటి చోట కూర్చోబెట్టి, రాకపోతే అదే రోజు చూపించండి. చేత్తో నొక్కితే లోపల గుడ్డు పగులుతుంది, కోడి బతకదు.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటప్పుడు పెరటి కోళ్లు మాకేం సంబంధం అనుకోకూడదు. కొంగలు, బాతులు తాగే చెరువులోనే మన కోళ్లూ తాగుతాయి. చనిపోయిన కోడిని కాలవలో విసిరేయొద్దు, కుక్కలకు వేయొద్దు. ముందు డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పినట్టు లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. జబ్బు కనిపించగానే మిగతావాటిని సంతలో అమ్మేసి నష్టం తగ్గించుకుందామన్న ఆలోచన వస్తుంది. ఆ సంతలో కొనేది కూడా మనలాంటి రైతే.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి

ప్రతి పెట్ట కాలికి రంగు దారమో ప్లాస్టిక్ ఉంగరమో వేయండి. పుస్తకంలో ఒక్కో రంగుకు ఒక పేజీ. గుడ్డుకొచ్చిన తేదీ, విడతకు ఎన్ని, పొదుగుకొచ్చిన తేదీ, ఈకలు రాల్చిన నెల, టీకా తేదీ. నెలకోసారి రాత్రి పూట పైన చెప్పిన పరీక్ష చేసి వెనక ఎముకల మధ్య ఎన్ని వేళ్లు పడ్డాయో, రొమ్ము ఎలా ఉందో రాయండి. ఏడాది తిరిగేసరికి ఏ పెట్టను ఉంచుకోవాలో, ఏ పెట్ట గుడ్లు పొదిగించాలో మీకే తెలుస్తుంది.

పెట్ట ఆగిపోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే నాకు ఈ నాలుగు సంగతులు చెప్పండి చాలు: ఏ జాతి, వయసెంత, రొమ్ము ఎముక ఎలా తగులుతోంది, వెనక ఎముకల మధ్య ఎన్ని వేళ్లు. ఫోన్లోనే సగం తేలిపోతుంది. వచ్చే వీడియోలో వీధి మొత్తం కలిసి టీకా వేయించుకునే రోజు ఎలా ఉంటుందో, ఐసు పెట్టె నుంచి చివరి కోడి దాకా చూపిస్తాను.